మనసుకి మానిక

కొలవడం ఆడవాళ్ళకి కొత్త విద్య కాదు. గిద్దె, సోల, తవ్వ, మానిక అంటూ మన అమ్మమ్మలు బియ్యం కొలిచారు. మనం కిలోల్లోకీ లీటర్లలోకీ దిగాం. పాలు పోయించుకుంటూ అందులో పాలెంతో, నురగెంతో, నీళ్ళెంతో చూపుతోనే చెప్పగలం. జాకెట్టు గుడ్డలో దర్జీ ఎంత మిగుల్చుకుంటాడో అతను టేపు తియ్యకముందే లెక్క కట్టగలం.

అంతటితో ఆగామా? కొలతకి అందని వాటిని కూడా కొలిచిన ఘనత మనది. పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు పట్టుకొచ్చే పిల్ల చెయ్యి వణికిందా లేదా చూసి, ఆ పిల్ల నిదానస్తురాలో కంగారు మనిషో తేల్చేసిన పెద్దమ్మలు ఏ ఇంట్లో లేరు చెప్పండి! వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడుని బట్టి కోడలి కోపం ఎన్ని పాళ్ళో చెప్పగలిగిన అత్తగార్లని నేనెరుగుదును. పాపం, వాళ్ళెవరూ సైకాలజీ చదవలేదు.

ఇప్పుడా పని చదువుకున్నవాళ్ళు చేపట్టారు. పిల్లల తెలివికి ఐ.క్యూ. అని ఒక అంకె వున్నట్టే, వాళ్ళ మనసుకి ఇ.క్యూ. అని ఇంకో అంకె వుందిట. దీన్ని ఇంగ్లీషులో ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అనీ, తెలుగులో భావోద్వేగ ప్రజ్ఞ అనీ అంటున్నారు. పేరు వింటే కాస్త భయం వేస్తుంది గానీ, సంగతి మనకి తెలియనిది కాదు. తన మనసులో ఏముందో తాను తెలుసుకోవడం, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో వాళ్ళు చెప్పకుండానే కనిపెట్టడం, కోపమో దుఃఖమో ముంచుకొచ్చినప్పుడు తట్టుకుని నిలబడడం. మన పెద్దవాళ్ళకి దీనికి ఒక్క మాట వుంది: ఇంగితం. "ఇంగితం తెలిసిన పిల్ల" అంటే అంతకు మించిన మెప్పు లేదు. "ఇంగితం లేని మనిషి" అంటే అంతకు మించిన తిట్టూ లేదు.

మరి ఈ ఇంగితానికి మార్కులు వెయ్యవచ్చునా? వేసినా, ఆ మార్కులు చూసి పిల్లలకి నువ్వీ ఉద్యోగానికి పనికొస్తావు, నువ్వు పనికిరావు అని చెప్పవచ్చునా? కొన్నాళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది.

దీన్ని నా నెత్తిన పెట్టింది మా ఎదురింటి వదినగారు. ఒకనాటి సాయంత్రం రంగురంగుల కాగితం ఒకటి పట్టుకుని వచ్చింది.

"మా వాడి మనసుకి మార్కులొచ్చాయి వదినగారూ, చదవండి" అంది.

వాళ్ళబ్బాయి పదో తరగతి. బళ్ళోకి బయటి నించి ఎవరో వచ్చి, డబ్బు కట్టించుకుని, గంటసేపు కంప్యూటరు ముందు కూచోబెట్టి పరీక్ష చేశారట. తన భావాలు తాను తెలుసుకోవడంలో 71. ఇతరుల భావాలు గ్రహించడంలో 48. అడుగున చిన్న అక్షరాల్లో, నలుగురితో సంబంధం వున్న వృత్తులు ఈ విద్యార్థికి అంతగా నప్పకపోవచ్చునని ఒక సలహా.

"ఏడో క్లాసు నించీ డాక్టరవుతానంటున్నాడండీ. ఎదుటివాళ్ళ బాధ తెలియనివాడు డాక్టరేమవుతాడని వాళ్ళ నాన్నగారు అప్పుడే బెంగ పెట్టేసుకున్నారు. వాడైతే ఆ కాగితం చూసినప్పటి నించీ మాట్లాడ్డం తగ్గించాడు" అంది వదినగారు.

నేనేం చెప్పను? ఆవిడకి సమాధానం చెప్పడానికని నాలుగు పుస్తకాలు తిరగేశాను. తిరగేస్తే ఈ కొలతల కథ చాలా పాతదని తెలిసింది.

1904లో ఫ్రాన్సు ప్రభుత్వం, బళ్ళో వెనకబడే పిల్లల్ని గుర్తించే మార్గం చూడమని ఒక సంఘం వేసింది. ఆ సంఘంలోని ఆల్‌ఫ్రెడ్ బినే, సిమోన్ అనే వైద్యుడితో కలిసి 1905లో 30 అంశాలతో ఒక పరీక్ష తయారుచేశాడు. ఆయన ఉద్దేశం ఒక్కటే. ఎవరికి సాయం కావాలో తెలిస్తే వాళ్ళకి శ్రద్ధగా చెప్పవచ్చునని. ఆ అంకెని పిల్లవాడి నుదుటి రాతగా చూడవద్దని కూడా ఆయన గట్టిగా చెప్పాడు. 1911లో ఆయన పోయాడు. అప్పటికే ఆ పరీక్ష ఓడెక్కి అమెరికా వెళ్ళింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917 నించి, అదే బాణీలో తయారైన పరీక్షలు 17 లక్షల మందికి పైగా సిపాయిలకి పెట్టారు. సాయం చెయ్యడానికి పుట్టిన కొలత, జల్లెడ పట్టడానికి పనికొచ్చింది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

తెలివి ఒక్కటే చాలదని అప్పుడే ఒకాయన అన్నాడు. థార్న్‌డైక్ అనే అమెరికన్ పండితుడు 1920లో, ఫ్యాక్టరీలో అందరికన్నా మంచి మెకానిక్కు కూడా పదిమందితో మసలడం రాకపోతే మేస్త్రీగా రాణించలేడని రాశాడు. ఆ తెలివికి 'సామాజిక ప్రజ్ఞ' అని పేరు పెట్టాడు. 1990లో సాలొవీ, మేయర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అన్న పేరుతో ఒక వ్యాసం రాశారు. 1995లో డేనియల్ గోల్‌మన్ అనే పత్రికా రచయిత అదే పేరుతో పుస్తకం రాసేసరికి ప్రపంచమంతా గుప్పుమంది. అదే ఏడు అక్టోబరులో టైమ్ పత్రిక అట్ట మీద "మీ ఇ.క్యూ. ఎంత?" అని అడిగింది.

జీవితంలో విజయానికి ఎనభై శాతం ఇ.క్యూ.యే కారణమని సభల్లో చెప్పేవాళ్ళని మీరూ వినే వుంటారు. గోల్‌మన్ రాసింది అది కాదు. ఐ.క్యూ. వాటా ఇరవై శాతం అనుకుంటే, తక్కిన ఎనభైలో అదృష్టం, పుట్టిన ఇల్లు, ఇంకా ఎన్నెన్నో కలిసి వుంటాయన్నాడు. జనం ఆ ఎనభైని ఎత్తి ఇ.క్యూ. ఖాతాలో వేశారు. పదేళ్ళ తరవాత ఆయనే అలా అనుకోవడం పొరపాటని చెప్పవలసి వచ్చింది. అయినా ఆ ఎనభై ఇంకా చెలామణీ అవుతూనే వుంది. చెల్లని రూపాయి చేతులు మారినట్టు!

సరే, ఇంతకీ మనసుని కొలిచేదెలా? రెండు పద్ధతులున్నాయి.

మొదటిది, మనల్నే అడగడం. "ఇతరుల బాధ నాకు వెంటనే అర్థమవుతుంది: ఎప్పుడూ, అప్పుడప్పుడూ, ఎన్నడూ కాదు" అని ఇచ్చి, ఒకదాని పక్కన టిక్కు పెట్టమంటారు. ఇందులో చిక్కు చూడండి. ఇంగితం వున్నవాడు "ఏమో, ఎన్నిసార్లు అర్థం చేసుకోలేకపోయానో" అని తటపటాయించి మధ్యలో టిక్కు పెడతాడు. బొత్తిగా లేనివాడు ధైర్యంగా "ఎప్పుడూ" మీద పెడతాడు. పెళ్ళింట్లో ఆడపిల్లవారు అలిసి సొమ్మసిల్లుతుంటే అర్ధరాత్రి మళ్ళీ కాఫీ అడిగే పెద్దమనిషిని కదిలించి చూడండి. తనంత మనసెరిగినవాడు లేడంటాడు.

రెండో పద్ధతి కాస్త నయం. 2002లో సాలొవీ, మేయర్లు, కరూసో అనే మరొకాయన కలిసి 141 ప్రశ్నలతో ఒక పరీక్ష తెచ్చారు. ముఖాల ఫొటోలు చూపించి, ఇందులో సంతోషం ఎంత, భయం ఎంత, విచారం ఎంత అని అడుగుతారు. ఫలానా పరిస్థితిలో ఏం చేస్తే మేలని అడుగుతారు. మరి దేన్ని సరైన జవాబనాలి? లెక్కలో రెండూ రెండూ నాలుగు. మనసులో? అందుకని రెండు దారులు పెట్టారు. వేలమంది ఏమన్నారో దాన్ని సరైన జవాబుగా తీసుకోవడం ఒకటి. 21 మంది నిపుణులు ఏమన్నారో దాన్ని తీసుకోవడం ఇంకొకటి.

నాకు ఇక్కడే గుచ్చుకుంది. పదిమందికి కనిపించింది కనిపిస్తేనే మార్కు. పదిమందీ చూడనిది చూసినవాడికి మార్కు తగ్గుతుంది. పెళ్ళికూతురు నవ్వుతోందని పందిట్లో అందరూ అంటారు. ఆ పిల్ల లోపల ఏడుస్తోందని మూల కూచున్న మేనత్త ఒక్కతే కనిపెడుతుంది. ఈ పరీక్షలో మేనత్త తప్పుతుంది. పైగా ముఖం మనసుకి అద్దమన్న మాటే అంత గట్టిది కాదట. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్ అనే ఆవిడా, మరి నలుగురు పండితులూ వెనకటి పరిశోధనలన్నీ జల్లించి చూస్తే, కోపం వచ్చిన మనిషి కనుబొమలు ముడివేసి చూసేది నూటికి సుమారు ముప్ఫై సార్లేనని తేలింది. తక్కిన డెబ్భై సార్లూ ఏడుస్తాం, నవ్వుతాం, లేదా చప్పుడు చెయ్యకుండా గిన్నెలు తోముకుంటాం.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే. ఒకే బియ్యం, ఒకే ఎసరు, ఒకే మంట. మనిషి అలా కాదే! బళ్ళో ఒకలాగ, ఇంట్లో ఒకలాగ, ఆకలేసినప్పుడు ఒకలాగ వుంటాడు. ఏ మెతుకు పట్టి చూస్తారు?

ఆ అబ్బాయి సంగతే చెప్తాను. ఆ ఇంట్లో వదినగారి అత్తగారు వుంది. ఎనభై దాటాయి. ఎడమచెవి వినపడదు, కుడిచెవి సగం. ఇంటిల్లిపాదీ ఆవిడతో అరిచి మాట్లాడతారు. ఈ పిల్లవాడు మాత్రం పీట లాక్కుని ఆవిడ కుడివైపు, వెలుతురు తన మొహాన పడేలా కూచుని, నెమ్మదిగా, పెదాలు కనపడేలా మాట్లాడతాడు. నలుగురూ చేరి నవ్వుతున్నప్పుడు సంగతి అందక ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంటే, పక్కకి చేరి ఆ మాటేమిటో మళ్ళీ చెప్తాడు. "ఇలా మాట్లాడమని ఎవరు నేర్పార్రా?" అని ఒకసారి అడిగాను.

"ఎవరూ నేర్పలేదు అత్తయ్యగారూ. అరిస్తే నానమ్మ తిడుతున్నామనుకుంటోంది" అన్నాడు.

ఇతరుల భావాలు గ్రహించడంలో ఆ కుర్రవాడికి 48!

ఒక్క నానమ్మ విషయం చూసి పిల్లవాడికి నూటికి నూరూ వేసెయ్యమని నేననను. బయటివాళ్ళతో వాడు మూగవాడేమో, ఎవరు చూశారు? కానీ ఏళ్ళ తరబడి కళ్ళముందు నడుస్తున్నది ఒక నిదర్శనం. గంటసేపు నొక్కిన మీటలు ఒక నిదర్శనం. రెండో దాన్ని నమ్మి మొదటిదాన్ని మరిచిపోవడం ఏం న్యాయం?

మార్కులు పెట్టేసరికి ఇంకో గొడవ మొదలవుతుంది. 2013 నించి ఐ.ఎ.ఎస్. మెయిన్స్‌లో నీతి, నిజాయితీలకి ఒక పేపరు పెట్టారు. 250 మార్కులు, మూడు గంటలు. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ కూడా ఆ సిలబస్‌లో వుంది. పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. జిల్లాని ఏలబోయేవాడికి జనం కష్టం తెలియాలిగా! కానీ మూడు గంటల్లో కాగితం మీద రాయాలంటే ఏం కావాలి? నిర్వచనం కావాలి, ఉదాహరణ కావాలి, ముగింపు వాక్యం కావాలి. అవన్నీ కోచింగు నోట్సులో దొరుకుతాయి. హైదరాబాదు అశోక్‌నగర్ సందుల్లో ఏళ్ళ తరబడి చదువుకుంటున్న పిల్లలు జాలి మీద పది మార్కుల జవాబు కంఠతా పడతారు. వాళ్ళని నేను వెక్కిరించడం లేదు. మెస్సు భోజనం తింటూ, ఇంటి నించి వచ్చే డబ్బుకి సిగ్గుపడుతూ, పక్కగది వాడికి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసే పిల్లలు వాళ్ళు. తడిగుడ్డ వేసిన సంగతికి ఆ పేపరులో చోటు లేదు. నిర్వచనానికి వుంది.

అలాగని ఇంగితానికీ ఉద్యోగానికీ సంబంధమే లేదంటే అదీ అబద్ధమే. 1980 నించి 2012 లోపల అమెరికాలో, నలుగురితో మసలవలసిన ఉద్యోగాల వాటా నూటికి దాదాపు 12 చొప్పున పెరిగిందని డెమింగ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు 2017లో లెక్క చెప్పాడు. లెక్కలు కట్టే పని యంత్రం తీసుకుంది. మనిషికి మిగిలింది మనిషితో పనే. 2010లో వెలువడిన మరో పరిశోధన, నర్సులాగా, సేల్సు మనిషిలాగా మనసుతో చాకిరీ చేసే ఉద్యోగాల్లో ఈ ప్రజ్ఞ పనికొస్తుందనీ, ఆ అవసరం లేని ఉద్యోగాల్లో దానివల్ల ఒరిగేది లేదనీ తేల్చింది. అంటే, సంబంధం వుంది గానీ పుస్తకాల అట్టల మీద వేసినంత లేదు.

వీటన్నిటిలో నాకు నచ్చిన పరిశోధన ఒకటి వుంది. అమెరికాలో నాలుగు చోట్ల, బళ్ళో అప్పుడే చేరిన 753 మంది పసిపిల్లల్ని వాళ్ళ టీచర్లు గమనించి రాసిపెట్టారు. ఆ పిల్లలకి పాతికేళ్ళు వచ్చేదాకా వాళ్ళ సంగతులు పరిశోధకులు తెలుసుకుంటూ వచ్చారు. 2015లో ఫలితం అచ్చయింది. చిన్నప్పుడు ఎక్కువ మార్కులొచ్చిన పిల్లలు పెద్దయ్యాక డిగ్రీ దాకా చదవడం, స్థిరమైన ఉద్యోగంలో వుండడం ఎక్కువగా కనిపించింది. టీచర్లు గమనించిందేమిటో చూడండి. పక్కపిల్లకి సాయం చేస్తోందా? వున్నది పంచుకుంటోందా? దెబ్బలాట వస్తే తనే సర్దుకుంటోందా? ముఖం చూసి భావం చెప్పమని ఎవరూ అడగలేదు. పిల్ల ఏం చేస్తోందో చూశారు, అంతే.

తెలుసుకోవడం వేరు, తెలుసుకున్నాక చేసేది వేరు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరమో నాకు ఒక పెద్దావిడ వల్ల తెలిసింది.

ఆవిడ మాకు దూరపు బంధువు. అరవై ఎనిమిదేళ్ళు. భర్త పోయి ఏడాది. కొడుకులు పైదేశాల్లో. ఒక ఆర్థిక సంస్థ తరపున ఒక కుర్రవాడు వాళ్ళింటికి వచ్చాడు. దండ వేసిన ఫొటో చూసి, కాగితాలు బయటికి తియ్యకుండా, "బాబాయిగారు ఏం చేసేవారు పిన్నిగారూ?" అని అడిగాడు. ఆవిడ చెప్పింది, అతను గంటసేపు విన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు ఆయనకి ఇష్టమైన టిఫినేమిటో గుర్తుపెట్టుకుని మాట్లాడాడు. మూడోసారి ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నాలుగోసారి సంతకాలు పెట్టించుకున్నాడు. ఆవిడ దాచుకున్న డబ్బంతా పదిహేనేళ్ళ దాకా కదపడానికి వీల్లేని పథకంలో పడింది. ఆవిడకి అప్పుడు ఎనభై మూడొస్తాయి! ఆ ఏడు బాగా పని చేసినందుకు ఆ కుర్రవాడికి బహుమానం వచ్చిందిట.

నిజంగా ఆలోచించవలసిన ముక్క ఇంకోటి వుంది. ఇప్పటికీ ఆవిడ అతన్ని తిట్టదు. "నా మాట విన్నవాడు ఆ అబ్బాయొక్కడేనే" అంటుంది. అతను విన్నది నిజమే. ఆవిడకి ఊరట కలిగిందీ నిజమే. ఏ పరీక్ష పెట్టినా అతనికి తొంభైకి తక్కువ రావు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళంటే వీళ్ళే. ఆ సామెత చెప్పినవాళ్ళు దాన్ని మెప్పుగా చెప్పలేదు.

రామాయణంలో ఇద్దరున్నారు చూడండి. రాముడికి పట్టాభిషేకమని వినగానే కైక సంతోషించి మంథరకి నగ ఇచ్చింది. అంత సంతోషం కింద ఒక మూల, రేపు కౌసల్య ముందు తన గతేమిటన్న భయం దాక్కుని వుందని మంథర ఒక్కతే పసికట్టింది. సరిగ్గా అక్కడే మీటింది. అయోధ్యలో అంత సూక్ష్మంగా మరో మనసుని చదివినవాళ్ళు లేరు. రెండోవాడు హనుమంతుడు. అశోకవనంలో చెట్టు మీద కూచుని, ఈ తల్లితో ఏ భాషలో మాట్లాడాలా అని తర్కించుకున్నాడు. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడే వచ్చాడనుకుని హడలిపోతుంది. అకస్మాత్తుగా ముందుకి దూకితే కేకలు పెడుతుంది. అందుకని కొమ్మల చాటునించి, ఆవిడకి మాత్రం వినపడేలా రాముడి కథ చెప్పడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ భయపడుతున్న ఆడమనసునే చదివారు. ఇద్దరూ తప్పు చదవలేదు. మంథర ఆ భయాన్ని పెంచింది, హనుమంతుడు తగ్గించాడు. ప్రశ్నపత్రం ఇస్తే ఇద్దరికీ సమానంగా మార్కులొస్తాయి. తేడా వున్నచోట ప్రశ్నే లేదు.

2011లో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంచుమించు ఈ మాటే కనిపెట్టారు. మనసుల్ని అదుపు చేసే విద్య బాగా తెలిసినవాళ్ళలో, మంచిగా వుండాలనే పట్టుదల వున్నవాళ్ళు మరింత మంచి చేశారు. తమ పని గడుపుకునే స్వభావం వున్నవాళ్ళు తోటివాళ్ళకి మరింత అపకారం చేశారు. కత్తిపీట పదునుగా వుందన్నంత మాత్రాన కూర తరుగుతారో చెయ్యి కోస్తారో తెలుస్తుందా?

ఇక మన ఆడవాళ్ళ వాటా సంగతి. ఇది చెప్పకుండా వదిలితే నాకు నిద్ర పట్టదు.

మామగారి దగ్గు వినగానే ఆయనకి మంచినీళ్ళు కావాలో, వచ్చిన చుట్టం లేచి వెళ్ళాలో తెలుసుకోమని మనకి నేర్పారు. మొగుడి చెప్పుల చప్పుడుని బట్టి ఆఫీసులో ఏం జరిగిందో ఊహించమన్నారు. తరతరాలుగా చేసిన ఈ పనికి ఎవరూ ప్రజ్ఞ అని పేరు పెట్టలేదు. "సర్దుకుపోవడం" అన్నారు. మేనేజర్లకి అవసరమయ్యేసరికి అది ప్రజ్ఞ అయింది, శిక్షణ అయింది, సర్టిఫికెట్టు అయింది. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ రచయిత్రి 1983లోనే విమానాల్లో పనిచేసే ఆడపిల్లల గురించి పుస్తకం రాస్తూ, నవ్వు కూడా చాకిరీయేనని చెప్పింది. లోపల ఎలా వున్నా పైకి నవ్వుతూ వుండడం జీతంలో భాగం. ఆ నవ్వు ఇంటికొచ్చాక తనదో కంపెనీదో ఆ పిల్లకే తెలియకుండా పోతుందట.

ఇంగితం నిజంగా అంత విలువైనదైతే ఆ విలువ జీతాల్లో కనపడాలి కదా! మన అంగన్‌వాడీ టీచరుని చూడండి. ఏ పిల్ల ఎందుకు తినడం లేదో, ఏ తల్లి మొహాన దెబ్బ తలుపు తగిలి వచ్చిందో, చెయ్యి తగిలి వచ్చిందో కనిపెట్టడమే ఆమె పని. ఆశా కార్యకర్తదీ అంతే. వీళ్ళకిచ్చేది జీతం కూడా కాదు, గౌరవ వేతనం, ప్రోత్సాహకం. గౌరవం మాట ఎలా వున్నా వేతనం సంగతి అందరికీ తెలుసు.

ఇందులో మన పిల్లలకి ఇంకో ప్రమాదం కూడా వుంది. ఆడపిల్లకి ఆ గడిలో మార్కులెక్కువొస్తే "దీనికి సహజంగానే ఇంగితం ఎక్కువ, ఏ టీచరుగానో నర్సుగానో పెట్టండి, ఇంజనీరింగెందుకు?" అంటారు. మగపిల్లవాడికి తక్కువొస్తే "మగాడు కదా, ఫరవాలేదు" అంటారు. కొలత కొత్తది, తీర్పు మాత్రం పాతదే.

అయితే ఈ పరీక్షలన్నీ గంగలో కలపమంటావా అంటే, అననుగా! బినేని గుర్తు పెట్టుకోమన్నాను. ఎవరికి సాయం కావాలో తెలుసుకోవడానికి కొలవండి. "48 వచ్చిందా, సరే, వీడితో నలుగురినీ కలిసి ఆడిద్దాం, కథలు చదివిద్దాం, ముసలివాళ్ళ దగ్గర కూచోబెడదాం" అంటే ఆ కొలత మంచి కొలత. "48 వచ్చింది, నువ్వు డాక్టరుకి పనికిరావు" అంటే అది జల్లెడ. పదిహేనేళ్ళ మనసు ఇంకా ఎసట్లో వుంది. అప్పుడే మూత తీసి తీర్పు చెప్పడమేమిటి? వదినగారికీ ఇదే చెప్పాను. వాళ్ళాయన బెంగ తగ్గిందో లేదో నాకింకా తెలియదు.

యంత్రాలతో మనసుని కొలిచే విషయంలో ఐరోపావాళ్ళు ఒక అడుగు ముందుకు వేశారు. మనుషుల ముఖం, గొంతు చూసి భావాలు ఊహించే యంత్రాల్ని బళ్ళలోనూ, పనిచేసే చోట్లా వాడకూడదని చట్టం చేశారు. 2025 ఫిబ్రవరి 2 నించి అది అమల్లోకి వచ్చింది. వైద్యానికీ భద్రతకీ మాత్రం మినహాయింపు. నాకు సబబుగానే తోచింది. నా మొహం చూసి నా మనసు చెప్పే హక్కు, నాతో కాపరం చేసేవాళ్ళకే అంతంత మాత్రం. జీతమిచ్చేవాడి కెమెరాకి ఎక్కడిది?

మన దేశంలో 2020లో వచ్చిన కొత్త విద్యావిధానం, ప్రోగ్రెస్ కార్డులో చదువు ఒక్కటే కాక పిల్లల భావాల ఎదుగుదల కూడా చూపించాలంటుంది. టీచరుతో పాటు పిల్లలు తమని తాము, ఒకరినొకరు కూడా అంచనా వేసుకోవాలంటుంది. కనుక ఇవాళ కాకపోతే రేపు, అలాంటి గడి ఒకటి మీ చేతికీ వస్తుంది. కంగారు పడకుండా చదివి సంతకం పెట్టండి. మీ అమ్మాయికి ఎదుటివాళ్ళ మనసు తెలుస్తుందా లేదా అన్నది అందులో వుంటుంది. తెలిశాక ఏం చేస్తుందన్నది వుండదు. అది ఇంట్లోనే చూసుకోవాలి. పనిమనిషి ఆలస్యంగా వచ్చిన రోజున మనం ముందు జ్వరం తగ్గిందా అని అడిగామా, అంట్లు పేరుకుపోయాయన్నామా అన్నది ఆ పిల్ల గుమ్మంలో నించుని వింటూనే వుంటుంది. మనం మొదటిది అడిగితే, పెద్దయి ఏ ఉద్యోగంలో చేరినా ఆ పిల్ల కూడా మొదటిదే అడుగుతుందని నా నమ్మకం. మీరేమంటారు?